పగడాల పీపా

సోమమ్మకు రోత ఎక్కువ. ఎర్రగుంటపల్లిలో ఎవరిని అడిగినా ముందు ఈ మాటే చెప్పేవారు. ఇంకొకరు తాగిన చెంబును బూడిద పెట్టి మళ్ళీ మళ్ళీ తోమితే గాని నోటి దగ్గరికి రానివ్వదు. ఒకసారి పెళ్ళిపందిట్లో పక్కన కూర్చున్నాయన చారు జుర్రుతున్నాడని, ముందున్న విస్తరి వదిలేసి లేచి వచ్చేసింది. ఈగ వాలిన బెల్లం కుక్కకు కూడా వేయదు. "దానికి మాత్రం నోరు కాదా?" అంటుంది. మొహం ఎప్పుడూ చేదు మింగినట్టే ఉంటుంది కాబట్టి ఊరి ఆడవాళ్ళు చాటుగా ఆమెకు వేపాకు సోమమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "వేపాకు నయమేనే, దాంతోని గజ్జన్న పోతది. మీతోని ఏం పోతది?" అని ఎదురు తగిలేది.

అట్లాంటి మనిషికి దొరికిన పనేమిటయ్యా అంటే, పురుగులకు ఊడిగం.

ఆ పురుగులు రఘుపతి పటేల్ ఇంట్లో ఉండేవి. రఘుపతిది ఆ ఊళ్ళో తాతల నాటి నుంచి సేద్యం చేసుకుంటూ పైకి వచ్చిన ఇల్లు. చుట్టుపక్కల ఊళ్ళ ఆముదాలన్నీ కొని లారీల మీద మద్రాసు పంపేవాడు. అప్పటికి నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్ట లేస్తూ ఉంది. కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళంతా రాళ్ళు మోయడానికి అక్కడికే పోతున్నారు. ఆ రోజుల్లోనే రఘుపతి మద్రాసులో ఎవరో పెద్దమనిషి ఇంట్లో, అద్దాల తొట్టిలో బతికున్న పగడాలు చూసి వచ్చాడు. ఇంకేం, నిద్ర పట్టలేదు. ఆముదాలు దింపిన లారీ తిరుగుదారిలో సముద్రపు నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చింది. ఆ డబ్బాల్లోనే ఏవో రాళ్ళు కూడా వచ్చాయి.

రఘుపతి భార్య అరుణమ్మ అయితే చెవులకు, మెడకు, చేతులకు సరిపడా పగడాలు వచ్చాయనుకొని పసుపు కుంకుమలతో ఎదురెళ్ళింది. తీరా చూస్తే, ఎరుపూ లేదు పాడూ లేదు. ఒకటి పేడరంగు, ఒకటి నాచురంగు, ఒకటి కమిలిన వంకాయ రంగు. "గివా పగడాలు?" అని ఆమె మూతి ముడిచింది.

"గిప్పుడు పానంతోని ఉన్నయి. పగడమంటె రాయి కాదే, పురుగు కట్టుకున్న బొక్క. మెడల ఏసుకునేది వేరే జాతిది, అయిన పుట్టుక ఇట్లనే," అన్నాడు రఘుపతి, తానే పుట్టించినంత గర్వంగా.

ఆ వింత చూడవచ్చిన వాళ్ళలో సోమమ్మ కూడా ఉంది. మొగుడు పోయేదాకా ఆమె పుస్తెల తాడుకు రెండు పగడాలు ఉండేవి. మొక్కేటప్పుడు ఆ పురుగు ఎముకలనే కళ్ళకద్దుకునేది. "ఛీ ఛీ, గిన్నేండ్లు పురుగు బొక్క కండ్లకద్దుకున్ననా!" అని ఇంటికి పోయి తలంటు పోసుకుంది.

అయినా పనికి ఒప్పుకోక తప్పలేదు. శుభ్రం తెలిసిన మనిషి కావాలని రఘుపతి ఏరికోరి ఆమెనే పిలిచాడు. ఇంట్లో కొడుకు లింగస్వామి నడుము వంగక, కట్ట పనికి పోయి కూడా మేస్త్రీ వద్దంటే తిరిగొచ్చాడు. ముప్పై దాటని మనిషి, తల తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పేవాడు. కోడలు పుష్పమ్మ అప్పుడే నెల తప్పి, వేవిళ్ళతో మంచం పట్టింది. పొయ్యి వెలగాలంటే సోమమ్మ ఎక్కడో ఒకచోట చేతులు ముంచాలి. ఆ తొట్టిలోనే ముంచింది.

ఇక ఆ సేవ గురించి చెప్పుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఊళ్ళో కరెంటు లేదు. తొట్టి నీళ్ళలో గాలి ఆడకపోతే పగడాలు ఉక్కిరిబిక్కిరై చస్తాయట. అందుకని లారీ ట్యూబు ఒకటి పక్కన పడేసి, దానికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి, కొస నీళ్ళలో వదిలారు. సైకిల్ పంపుతో ట్యూబు నిండా గాలి కొడితే, అది మెల్లగా బుడగలు బుడగలుగా నీళ్ళలోకి పోతుంది. ట్యూబు మెత్తబడగానే మళ్ళీ కొట్టాలి. ఎండు రొయ్యలు దంచి, నానబెట్టి, ఆ ముక్కల నీళ్ళు రాళ్ళ మీద వదలాలి. అప్పుడు ఆ రాళ్ళలోంచి సన్నటి వేళ్ళలాంటివి బయటికొచ్చి కదిలేవి. "అగో, తింటున్నయి!" అని రఘుపతి చప్పట్లు కొట్టేవాడు. సోమమ్మ మొహం తిప్పుకునేది. ఎండ ముదిరితే వట్టివేళ్ళ తడికెలు కట్టి, వాటి మీద నీళ్ళు చిలకరించి, తొట్టికి చలువ చేయాలి. ఇంట్లో నడుం పట్టేసిన కొడుకు ఉడికిపోతుంటే తను ఇక్కడ రాళ్ళకు చలువ చేస్తోంది.

అన్నిటికంటే పాడు పని అడుగున చేరిన మురికి తీయడం. గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట పెట్టుకొని పీల్చాలి. నీళ్ళు పారడం మొదలయ్యేలోపు ఓ పుక్కిలి ఎట్లాగూ నోట్లోకి వస్తుంది. ఉప్పు, జిగట, రొయ్యల కంపు. చారు చప్పుడుకే విస్తరి వదిలిన సోమమ్మ ఆ పుక్కిలిని పెరట్లో ఉమ్మి, వేపపుల్ల నమిలి, అప్పటికీ సాయంత్రం దాకా ఉమ్ముతూనే ఉండేది.

ఇంత చేసినా మొదట వచ్చిన పగడాలు బతకలేదు. రోజురోజుకూ తెల్లబడి, మీది చర్మం జారిపోయి, ఒకనాడు పొద్దున చూస్తే తొట్టంతా చిక్కటి గంజి. ఆ కంపు ఇల్లు దాటి వాడకట్టంతా పాకింది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకొని పొలం పోయారు. కడవలకెత్తి ఊరవతల పారబోసింది సోమమ్మే. మూడు రోజులు అన్నం ముట్టలేదు.

రఘుపతి వదలలేదు. అరుణమ్మ తమ్ముడు బాలస్వామి పట్నంలో కాలేజీ పంతులు. అతన్ని పిలిపించి చూపించాడు. అతను తొట్టీ చూశాడు, నీళ్ళెక్కడివని అడిగాడు. ఎండకు తొట్టి నీళ్ళు ఆవిరైపోతాయి కాబట్టి రోజూ కాసిని మంచినీళ్ళు కలుపుతూ ఉండాలి, ఉప్పు ఎట్లాగూ తొట్టిలోనే ఉండిపోతుంది. ఆ కలిపేది ఊరి బావి నీళ్ళు. బాలస్వామి ఒక సీసాలో బావి నీళ్ళు పట్టుకొని పట్నం పోయాడు. తర్వాత కొద్ది రోజులకే రఘుపతి ఎద్దుల బండి మీద ఒక పీపా ఎక్కించాడు. జీతగాడు మారయ్య పొద్దున్నే ఆ బండి కట్టి, దూరాన ఉన్న వాగుకు పోయి, ఇసుకలో చెలిమె తవ్వి, పీపా నింపుకొచ్చేవాడు. అవి పగడాల నీళ్ళు. ఎవరూ ముట్టకూడదని పీపాకు ఎర్రగుడ్డ కట్టారు. రెండో లారీలో కొత్త పగడాలు వచ్చాయి, ఈసారి నిగనిగలాడుతూ బతికాయి.

కొన్నాళ్ళకు పటేల్ ఇంట్లో తాగే కుండలు కూడా ఆ పీపా నుంచే నిండటం సోమమ్మ గమనించింది. కలిగినోళ్ళ నాలుకలకు అన్నీ కొత్త రుచులే కావాలనుకొని ఊరుకుంది.

ఒకసారి మనవరాలు నాగులమ్మకు జ్వరమొచ్చింది. పిల్లకు ఆరేళ్ళు. పండ్లకు గోధుమరంగు గార, మోకాళ్ళు లోపలికి వంగి, నడిస్తే ఒకదానికొకటి తగిలేవి. "సక్కగ నడువయే" అని సోమమ్మ ఎన్నిసార్లు నెత్తిన మొట్టిందో. నోరు చేదుగా ఉందని పిల్ల ఏడుస్తుంటే, ఒక చెంబు వాగు నీళ్ళిమ్మని అరుణమ్మను అడిగింది.

"పగడాలకు తక్కువైతయి సోమమ్మా. బాయి నీళ్ళు లెవ్వా ఊర్ల?" అంది అరుణమ్మ. నిజమే, బావి ఉంది. రఘుపతి తాత తవ్వించిన బావి. గట్టు రాయి మీద ఆయన పేరు చెక్కి ఉంది. ఆ ఊళ్ళో ఏ ఆడది కన్నా, పురుడు వెళ్ళాక బాయిపూజ అక్కడే. పచ్చి బాలింతరాలు పసుపుబట్టలు కట్టి, బావి ఒరకు పసుపు రాసి బొట్టు పెట్టి, గుగ్గిళ్ళు పంచి, మొదటి చేద తోడి, ఆ నీళ్ళు ఇంటికి తెస్తుంది. నాగులమ్మ పుట్టినప్పుడు పుష్పమ్మ మొక్కింది అక్కడే. లింగస్వామి పుట్టినప్పుడు సోమమ్మ మొక్కిందీ అక్కడే.

పుష్పమ్మకు మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. కాళ్ళు తిన్నగా, కొబ్బరి ఈనెల్లా ఉన్నాయి. సోమమ్మ ఆ కాళ్ళకు ఆముదం రాస్తూ, "ఓ తల్లీ, నువ్వన్న సక్కగ నడువు" అని చెప్పుకునేది. మోకాళ్ళు వంగడం ఆ ఇంటి వాతమని, పెద్దల నుంచి వచ్చిన గుణమని ఆమె నమ్మకం. మొగుడికీ అదే. చివరి ఏడాది వెల్లకిలా పడుకోలేక గోడకు ఆనుకొనే పోయాడు. పాడె మీద తిన్నగా పండబెట్టడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. ఆ గుణం ఈ పసిదాన్ని తాకకూడదని ఊరి దేవతలందరికీ మొక్కింది.

బాయిపూజ ఇక తెల్లారితేననగా బాలస్వామి పట్నం నుంచి దిగాడు. తొట్టి చుట్టూ తిరిగి మురిసిపోయాడు. సోమమ్మ అక్కడే కూర్చొని ట్యూబుకు గాలి కొడుతోంది.

"మంచిగున్నయి బావా! నేను చెప్పలేదా? రోగం తొట్టిల లేదు, మీ బాయిల ఉన్నదని."

"గా నీళ్ళు తియ్యగనే ఉంటయి గదయ్యా," అన్నాడు రఘుపతి.

"తియ్యగుంటె ఏమాయె? ఎండకు నీళ్ళు పోతయి, నీళ్ళల్ల ఉన్నది పోదు. పోసినకొద్ది జమైతది. పగడం బొక్క గద, బొక్కకు పట్టి సంపింది."

"మనుషులకు గూడ గట్లనేనంటివి గద?"

"మనుషులకు బొక్కలు లెవ్వా? గా సీసా నీళ్ళు పట్నంల పరీక్ష చేసి, ఫ్లోరైడ్ ఎక్కువున్నదని చెప్పిండ్రు. పండ్లకు గార పడతది, మోకాళ్ళు వంకర పోతయి, నడుము కొయ్యబారుతది. చిన్నపిల్లలకైతె ఇంక జల్ది పడతది. మీరు తాగుడు బంద్ చేసిండ్రు గదా?"

"నువ్వు చెప్పినప్పుడే బంద్ చేసినం. పోయిన వానకాలం సంది వాగు నీళ్ళే."

"ఊరోళ్ళకు?"

రఘుపతి కండువా దులుపుకున్నాడు. "ఊరోళ్ళకు ఏమని చెప్పాలె? మా తాత పేరు మీద బాయి. ఊరి బాలింతలంత గాడనే మొక్కుతరు. గా బాయిల విషమున్నదని నా నోటితోని చెప్తె మా తాత పేరేంగావాలె?"

"గదీ నిజమే," అని బాలస్వామి తల ఊపి, చాయ్ తెమ్మని అక్కను కేకేశాడు.

చదువుకున్నవాడు! థూ, ఆ చదువు తగలడ! సోమమ్మ అక్కడే ఉంది, చేతిలో పంపు ఉంది, ఇద్దరి మధ్యన కూర్చునే ఉంది. ఆమెకు చెవులున్నాయని ఆ ఇద్దరికీ తోచలేదు. తొట్టికి గాలి కొట్టే సామానులో ఆమె ఒకటి, అంతే. పంపు చేతిలోంచి జారింది. నాగులమ్మ నెత్తిన మొట్టిన మొట్టికాయలన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. మొగుడి వంగిన మోకాళ్ళు గుర్తొచ్చాయి. రొయ్యల కంపుకు, కుళ్ళిన గంజికి ఆమెకు ఎప్పుడూ ఇంత రోత పుట్టలేదు.

బాలస్వామి లోపలికి పోయాక లేచి నిలబడింది. "పటేలా, గీ సంగతి నీకు వానకాలం సంది ఎర్కేనా?"

రఘుపతి అప్పుడు ఆమెను చూశాడు. లోపలి గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "సోమమ్మా, ఊర్ల అనకు. నీ ఇంట్ల పసిపిల్లలున్నరు, నాకెర్క. నేటి సంది పీపాలకెళ్ళి రోజు కడవ నీళ్ళు తీస్కపో. నీకు ఫికర్ లేదు. కని నోరు మెదపద్దు."

ఆమె తీసుకుంది. అబద్ధమెందుకు, తీసుకుంది. పసిదాని కాళ్ళు కళ్ళ ముందు కదులుతుంటే ఏ నాయనమ్మ వద్దంటుంది? కడవ నింపుకొని, పైన కొంగు కప్పుకొని, దొంగిలించినదానిలా ఇంటిదారి పట్టింది.

దారిలోనే బావి. నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళు ఆమెను చూసి నవ్వారు. "ఏందే సోమమ్మా, పగడాల నీళ్ళా? పటేలమ్మ చెయ్యి గింత పెద్దగెప్పుడైందే?" అంది పక్కింటి ప్రమీలమ్మ. చంకలో ఏడాది పిల్లాడు. అప్పుడే తోడిన చేదలోంచి దోసిట పట్టి వాడికి తాగిస్తోంది. వాడు చప్పరిస్తున్నాడు. "రేపు మీ కోడలి పూజకు పసుపు నేను తెస్త. గుగ్గిళ్ళు మాత్రం గట్టిగ పంచాలె, చెప్తున్న!"

సోమమ్మ కడవ సర్దుకొని గబగబా నడిచింది.

ఇంట్లో నాగులమ్మ ఆ నీళ్ళు తాగి, "మంచిగున్నయి అవ్వా" అంది. లింగస్వామి ఎక్కడివని అడిగితే చెప్పలేదు. తను మాత్రం ఒక్క గుక్క తాగలేకపోయింది. చెంబు నోటిదాకా తెస్తే, ప్రమీలమ్మ పిల్లాడి చప్పరింపు వినబడుతోంది. లోకమంతా రోతగా కనిపించే మనిషికి ఆరోజు తన ఒంటి మీదే రోత పుట్టింది. ఎన్నిసార్లు తోమితే పోతుంది అది?

తెల్లారింది. పుష్పమ్మ పసుపుచీర కట్టి, పసిదాన్ని ఎత్తుకొని వాకిట్లోకి వచ్చింది. ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకొని పోగయ్యారు. సోమమ్మ ముందు నడిచింది. బావి దారి వచ్చినచోట ఆగకుండా, పటేల్ ఇంటి వైపు తిరిగింది.

"అత్తా, బాయి గిటు గదా!" అంది పుష్పమ్మ.

"గది ఒద్దు. నా ఎన్క రా."

అందరూ ఏమిటేమిటని గుసగుసలాడుకుంటూనే వెంట వచ్చారు. పటేల్ ఇంటి ముందు మారయ్య అప్పుడే బండి ఆపాడు. పీపా నిండుగా ఉంది, ఎర్రగుడ్డ తడిసి ఉంది. సోమమ్మ ప్రమీలమ్మ చేతిలోని పళ్ళెం అందుకొని కోడలి ముందు పెట్టింది. "రాయి బిడ్డా. గీ పీపాకే పసుపు రాయి. గీడనే మొక్కు."

అరుణమ్మ అరుస్తూ బయటికొచ్చింది. "నీకు పిచ్చిగిట్ల లేచిందానే? బాయి పెట్టుకొని పీపాకు మొక్కుడేంది? ముట్టద్దు! పగడాల నీళ్ళవి!"

వెనకే రఘుపతి వచ్చాడు. గుమిగూడిన జనాన్ని చూడగానే మొహం పాలిపోయింది. "ఇదేంది సోమమ్మా? నీకు రోజు కడవ ఇస్తనంటిని గద!"

"అన్నవు. ఎందుకిస్తనన్నవో గది చెప్పు పటేలా. గీ తల్లులందరు ఇంటున్నరు, చెప్పు."

ఆడవాళ్ళు రఘుపతి మొహం వైపు, సోమమ్మ మొహం వైపు చూశారు.

"నువ్వు చెప్పవు, నేనే చెప్త," అని సోమమ్మ వాళ్ళ వైపు తిరిగింది. "గా బాయి నీళ్ళు పోస్తె గీయన రాళ్ళు సచ్చినయి. గందుకే గీ పీపా. పట్నంల పరీక్ష గూడ చేపిచ్చిండు. మన పోరగాండ్ల మోకాళ్ళు వంగేది వాతం కాదే, గా నీళ్ళు. నా మొగడు గట్లనే పోయిండు. గీళ్ళు పోయిన వానకాలం సంది ఒక్క చుక్క ముడ్తలేరు. నాకు నిన్న ఎర్కైంది. ఎర్కై గూడ మీ ముంగటి నుంచి కడవ ఎత్తుకొని పోయిన. థూ నా బతుకు!"

ప్రమీలమ్మ చంకలో పిల్లాడి మూతి చేత్తో తుడిచింది. తుడిచి, మళ్ళీ తుడిచింది. తర్వాత పళ్ళెంలోని పసుపు తానే పిడికెడు తీసి పుష్పమ్మ చేతిలో పెట్టింది.

పుష్పమ్మ పీపా అంచుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మొక్కి, చెంబు ముంచింది. చేతి పసుపంతా నీళ్ళలో పచ్చగా విచ్చుకుంది.

"అయ్యో, గా పసుపు నీళ్ళు పోస్తె పగడాలు సస్తయి! పొయ్యకున్నా సస్తయి!" అని రఘుపతి తల పట్టుకున్నాడు.

"సస్తె సావనీ పటేలా," అంది సోమమ్మ. "మొదటిసారి లెక్కనే నేనే ఎత్తిపోస్త. గా కంపు నేను ఓర్సుకుంట."

కోడలి చేతిలోని చెంబు అందుకొని, వంకరకాళ్ళతో వెనకే నడిచొచ్చిన నాగులమ్మ నోటికి పెట్టింది. పిల్ల తాగాక అదే చెంబు, తోమకుండా, తన నోటికి పెట్టుకుంది.